మామ్మగారికి నచ్చని నవలలు

“ఈ డిటెక్టివ్ నవల రాసినాయన మరీ తొందర మనిషి అమ్మాయ్,” అన్నారు మామ్మగారు పుస్తకం తిరిగిస్తూ. “మొదట్లోనే శవం, ఆ వెంటనే హంతకుడు. ఇక మిగతా పుస్తకమంతా ఇనస్పెక్టరు టీలు తాగడమే.”

లైబ్రేరియన్ నవ్వింది. వాళ్లవి ఎదురెదురు ఇళ్లు. తుంటి విరిగినప్పటి నుంచి మామ్మగారికి మంచం, కుర్చీ తప్ప మరో లోకం లేదు. అందుకే లైబ్రేరియన్ వారం వారం లైబ్రరీ నుంచి నవలలు తెచ్చిస్తుంది. వాటి మీద ఆవిడ చెప్పే అభిప్రాయాలు వినడం ఆమెకి నవలలకంటే ఇష్టం.

ఆమె భర్త కూడా వచ్చి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. పెళ్లై ఇంకా ఏడాది తిరగలేదు. ఈమధ్య ఆమెకి మెట్లెక్కితే చాలు, కళ్లు తిరుగుతున్నాయి. పుస్తకాల సంచీ అతనే మోస్తాడు. వంటా గిన్నెలూ అతనే చూసుకుంటాడు. లైబ్రరీకి తప్ప ఎక్కడికీ ఆమెని ఒంటరిగా పంపడు. ఇలాంటి మొగుడు ఎక్కడ దొరుకుతాడని లైబ్రరీలో తోటివాళ్లు కుళ్లుకుంటారు.

“ప్రేమ నవల ఎలా ఉంది మామ్మగారూ?”

“అతను వానలో తడుస్తాడు, ఆ పిల్లకి జలుబు చేస్తుంది. అంతవరకూ బాగానే ఉంది.” ఆవిడ కళ్లద్దాలు తీసి పమిట చెంగుతో తుడుచుకున్నారు. “ఆ పాల సంగతే నాకు నచ్చలేదు. రోజూ గ్లాసులో పొడి కలిపి ఇస్తుంటే తాగే మనిషికి తెలీదా? ఓ చెంచా చక్కెర ఎక్కువేస్తే చేదు పోతుందా?”

లోపలి గదిలోంచి కోడలు గబగబా వచ్చింది. “అత్తయ్యా, ఇక చాలు. పడుకోండి.”

మామ్మగారు నోరు మూసుకున్నారు. మంచం పక్క కిటికీ వైపు మొహం తిప్పుకున్నారు.

ఆ ప్రేమ నవల లైబ్రేరియన్ చదివినదే. అందులో పాలూ లేవు, పొడీ లేదు. పెద్దావిడ కదా, ఒక కథ ఇంకో కథలో కలిసిపోయి ఉంటుందని సరిపెట్టుకుంది.

పై వారం చారిత్రక నవల వంతు వచ్చింది.

“రాజుగారు యుద్ధానికి బయల్దేరేసరికి సగం పుస్తకం అయిపోయింది. గుర్రాల ఓపిక మెచ్చుకోవాలి.” మామ్మగారు ఇంకేదో అనబోయి ఆగారు. తర్వాత లైబ్రేరియన్ చెయ్యి పట్టుకున్నారు. “ఆ చిన్నరాణి మాత్రం ఒట్టి అమాయకురాలమ్మా. రోజురోజుకీ చిక్కిపోతోంది. దువ్వితే దువ్వెన నిండా జుట్టే. అయినా ఆ పాలు తాగుతూనే ఉంది. ఒక్కరోజు పారబోసి చూడొచ్చుగా? నువ్వైతే పారబోస్తావు కదూ?”

“అత్తయ్యా,” అంది కోడలు. ఈసారి గొంతు పెంచలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

ఆ నవలలో చిన్నరాణే లేదు.

లైబ్రేరియన్ మామ్మగారి చేతులకేసి చూసింది. మణికట్లు పుల్లల్లా ఉన్నాయి. కొడుకు ఉద్యోగం పేరుతో నెలల తరబడి ఇంట్లో ఉండడు. ఆ ఇంట్లో కోడలి మాటే మాట. దయ్యాల నవల మామ్మగారి ఒళ్లో పెట్టి, భర్త చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

ఇంటికొచ్చాక ఇక ఆగలేకపోయింది.

“మామ్మగారు నవలల గురించి చెప్పడం లేదండీ. మామూలుగా చెప్పే వీల్లేక, కథ పేరు పెట్టి గోడు వెళ్లబోసుకుంటున్నారు. పాలల్లో ఎవరో ఏదో కలుపుతున్నారు. ఆ కోడలే.”

అతను పుస్తకాల సంచీ కింద పెట్టాడు.

“ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?”

“లేదు.”

“అనకు. రుజువు లేకుండా అంటే మన మెడకే చుట్టుకుంటుంది. నీకసలే ఒంట్లో బాగోలేదు. ఇకనుంచి పుస్తకాలు నేనొక్కణ్ణే ఇచ్చొస్తాలే.” ఆమె తల నిమిరి, దుప్పటి కప్పాడు.

అన్నట్టుగానే ఆ వారం ఒక్కడే వెళ్లాడు. దయ్యాల నవల తీసుకుని కాసేపటికే తిరిగొచ్చాడు.

“ఏమన్నారు?” అని ఆత్రంగా అడిగింది.

“బాగుందన్నారు.”

“అంతేనా?”

“అంతే.”

ఆ రాత్రి ఆమెకి కలత నిద్రే. మామ్మగారు ఏ నవలనీ వంక పెట్టకుండా వదిలిన మనిషి కాదు.

మర్నాడు భర్త పనికి వెళ్లగానే, గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎదురింటికి వెళ్లింది. మామ్మగారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పిలిస్తే కళ్లు తెరిచారు. పెదవులు కదిలాయి కానీ మాట పెగల్లేదు. కంటి కొసనుంచి నీళ్లు దిండు మీదకి జారాయి.

“నిన్న సాయంత్రం నుంచీ ఇంతే,” అంది కోడలు వెనకనుంచి. “దేనికో బెదిరిపోయింది. డాక్టరు వస్తానన్నాడు.”

లైబ్రేరియన్ తిరిగి చూసింది. గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

“ఆవిడ పాలల్లో మీరేం కలుపుతున్నారో నాకు తెలుసు. ఇక్కణ్ణించి నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్తున్నాను.”

కోడలు ఆమె మొహంలోకి చూసింది. పాలిపోయిన బుగ్గలు, పలచబడిన పాపిడి, గోడకి ఆనించిన చెయ్యి. చూస్తూ చూస్తూ మెల్లగా మంచం అంచున కూలబడింది.

“మా ఇంట్లో పాలు ఎవరూ తాగమండీ, మీ వంటింట్లో మీవారు రోజూ మీ గ్లాసులో ఏదో కలుపుతున్నారని, ఈ కిటికీలోంచి కళ్లారా చూశానని ఆవిడ మొత్తుకుంటుంటే, పక్కవాళ్ల సంసారం మనకెందుకని నేనే నోరు మూయిస్తూ వచ్చాను.”