బేగి రొట్టె

పొంగుపొడి పొట్లం కనిపించడం లేదు.

గంగ ఉట్టి దించి చూసింది. అటక మీద చూసింది. సామల బుట్ట కుమ్మరించి మరీ చూసింది. నిన్న తన చేత్తో గూట్లో పెట్టిన పొట్లానికి కాళ్లొచ్చాయి కాబోలు. అది లేనిదే దొర రొట్టె పొంగదు. వాకిట్లో నారతాడు పేనుకుంటున్న అయ్య సోంబరు మాత్రం, పొద్దు వాలేలోపు రొట్టె కావాలని తెల్లారినప్పటి నుంచీ ఒకటే నస.

అసలిది రొట్టె గురించి ఆలోచించే రోజేనా? వంటింటి మూల మంగ్లు ఇంటివాళ్ల కల్లుకుండ కూర్చుని ఉంది. అది మూడో కుండ.

ఆ కొండల్లో పిల్లని అడగడమంటే అదే. పిల్లాడివాళ్లు తమ జీలుగుచెట్టు కల్లు కుండ నిండా తెచ్చి, అడ్డాకు మూత కట్టి, పిల్ల తండ్రి ఇంట్లో పెడతారు. పొద్దు వాలేలోపు అది తండ్రి కడుపులో పడితే పిల్లనిచ్చినట్టే. పడకపోతే కుండ వెనక్కి పోతుంది. మూడోది కూడా పోయిందంటే ఇక ఆ మాట మళ్లీ ఎత్తకూడదు.

మంగ్లు కొడుకు భీముడంటే గంగకి ప్రాణం. భీముడికీ అంతే. అడ్డమల్లా సోంబరు ఒట్టు. ఇటుకల పండగ వేటలో పంది తన బాణానికే పడిందని సోంబరు చెప్పుకుంటే, ఆ బాణం పందికి కాదు పుట్టకి తగిలిందని మంగ్లు ఊరందరిలో నవ్వాడు. ఉడుకుమోత్తనం కొద్దీ సోంబరు, ఆ ఇంటి కల్లు తాగితే ఒట్టని జాకర దేవత ముందు చెయ్యెత్తేశాడు. కోపాలదేముంది, వస్తాయి పోతాయి. దేవత ముందు పెట్టిన ఒట్టు ఎక్కడికి పోతుంది?

ఇక రొట్టె సంగతి. కొండల్లో తెల్లోళ్ల మీద లేచిన పితూరీ చల్లారాక, అడివిశాఖ తెల్లదొర హుకుంపేట పక్కన బంగళా మళ్లీ తెరిచాడు. అక్కడి వంటవాడు ఎలీయేజరు దగ్గర గిన్నెలు తోమడానికి చేరి గంగ రొట్టె నేర్చుకుంది. గోధుమపిండి, ఉప్పు, ఇంత బెల్లం, డబ్బాలోని పొంగుపొడి. కలిపి కుండలో పెట్టడం, కిందా పైనా నిప్పులు వెయ్యడం. పప్పు ఉడికేలోపు తయారు, అందుకే గంగ దాన్ని బేగి రొట్టె అంటుంది. మొన్న దొర సెలవు మీద పోతే, మిగిలిన పిండీ ఒక పొట్లం పొడీ ఎలీయేజరు గంగకి కట్టిచ్చాడు.

పొడి నిండుకున్నప్పుడు అతను కల్లు పోసి పిండి కలపడం, ఆ రొట్టెని దొర లొట్టలేసుకుంటూ తినడం గంగ కళ్లారా చూసింది. ఇంటికొచ్చి చెబితే అయ్య కడుపుబ్బ నవ్వాడు. అదే మాట నాలుగు రోజులపాటు కనిపించినవాళ్లందరికీ చెప్పుకు తిరిగాడు.

గంగ చూపు కుండ మీద పడింది. పొద్దున మంగ్లు దాన్ని అరుగు మీద పెట్టి వెళితే, ఎండకి పగిలితే తన మీదకొస్తుందని గొణుగుతూ అయ్యే దాన్ని లోపలికి చేర్చాడు.

అయ్యని మోసం చెయ్యడమా? పట్టుబడితే వీపు చిట్లుతుంది. ఊరుకుంటే భీముడు ఇంకొకరి వాకిట్లోకి కుండ మోస్తాడు. వీపు నొప్పి రెండు రోజుల్లో పోతుందిలే అనుకుంది.

మూత విప్పి, ముంతెడు కల్లు పిండిలో పోసి, మూత మళ్లీ కట్టేసింది. పెరట్లో ఎండకి పెడితే పిండి అలిగిన చంటిదాని మూతిలా ఉబ్బింది. ఆమె అదృష్టం కొద్దీ సోంబరు ఆ మధ్యాహ్నమంతా వంటింటికి వీపు పెట్టే కూర్చున్నాడు. నీళ్ల కోసం ఒక్కసారి లేచినా, లేచేముందు కొండ దద్దరిల్లేలా దగ్గాడు.

పొద్దు వాలుతుండగా మంగ్లు వచ్చాడు, వెంట ఊరి పూజారి గాసి. సోంబరు చేతిలో అప్పటికే రెండో రొట్టెముక్క ఉంది.

"నీ కల్లు నాను తాగనేదు. కుండ అట్టుకుపో," అన్నాడు మొహం తిప్పుకుని. "ముందు రొట్టి తిను. ఇంటికొచ్చినోడికి ఏటీ ఎట్టనేదని మల్లీ అదోటి అంటావు."

మంగ్లు కొరికాడు. నమలబోయి ఆగాడు. తన చెట్టు కల్లు రుచి తనకి తెలియదా?

"గుంటా, ఇందులో ఏటి కలిపినావు?"

అబద్ధమాడాలనే గంగ నోరు తెరిచింది. నిజం బయటికొచ్చేసింది.

"మీ కల్లే, మావా."

సోంబరు లేచి కర్ర కోసం వెతికాడు. కాళ్ల దగ్గరే ఉన్న కర్ర పాపం ఆయనకి కనిపించలేదు. కన్నకూతురే కొంప ముంచిందని ఊరంతా వినేలా గోల పెట్టాడు. గంగ తలుపు వెనక్కి నక్కింది.

గాసి గెడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. తాగనని ఒట్టు, తాగలేదు, కాబట్టి దేవతకి కోపం రాదు. కల్లు కడుపులో పడింది, కాబట్టి పిల్లనివ్వక తప్పదు.

"ఇంకేటి సేత్తాం," అంటూ సోంబరు కూలబడ్డాడు. "సేతులు కట్టీసింది గుంట."

మంగ్లు పక్కనే కూర్చుని, పంది నీ బాణానికే పడిందిలే బావా అని ఒప్పుకున్నాడు. గంగకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వచ్చి అయ్య కాళ్లు పట్టుకుంది. ఆయన బింకంగా ఎటో చూస్తూ, చుట్ట చుట్టి తెమ్మన్నాడు.

గంగ లోపలికెళ్లి అయ్య పొగాకు తిత్తి విప్పితే, ఆకుల అడుగున, ముడి కూడా ఊడని పొంగుపొడి పొట్లం ఉంది.