అమ్మణి పట్టుకున్న చెయ్యి

అమ్మణి తిరిగి మిల్లులో అడుగు పెట్టగానే మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

తమిళనాట రాజపాళయంలోని ఆ మగ్గాల మీద ఆసుపత్రులకు బ్యాండేజీ గుడ్డ నేస్తారు. ఆమెకు గర్భసంచిలో క్యాన్సరని తెలిసిన రోజే పనివాళ్ళు ముదలాళి అని పిలిచే మిల్లు యజమాని పెరుమాళ్సామి అందరి ముందూ గేటు చూపించాడు.

"నీ చెయ్యి తగిలితే గుడ్డకీ అంటుకుంటాది. పో!"

ఇప్పుడామె నేరుగా వెళ్ళి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆపరేషన్ అయిపోయింది ముదలాళీ. గర్భసంచి తీసేసినారు. అది లివర్‌కి పోయింటే అక్కడా కోసి తీసినారు. లంగ్స్‌కి ఎక్కింటే అక్కడా తీసినారు. ఇంక నా ఒంట్లో దానికి చోటు లేదు."

అతను చెయ్యి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

"ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా, పాపం!"

పెరుమాళ్సామి విదిలించుకుని కొళాయి దగ్గరికి పరుగెత్తాడు. చర్మం ఎర్రబడేదాకా సబ్బుతో తోముకున్నాడు.

అమ్మణి తన పాత మగ్గం పక్కన నిలబడి చూసింది. ఈ రోగం ఎవరికీ అంటదని డాక్టర్ ఎప్పుడో చెప్పాడు. ఆ మాట ఆమె మగ్గాల దగ్గరి ఆడవాళ్ళందరికీ ముందే చెప్పింది.

అతనికి మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.