దిమ్మ పట్టిన చెయ్యి

"మొగుడు చచ్చి మూణ్ణెల్లు కాలేదు, సుత్తి పట్టుకోని పోతాది" అని ఎదురింటి మునెమ్మ అంటోందట. మురుంగపాక్కం వీధులన్నీ తిరిగి ఆ మాట లోకేశ్వరి చెవిన పడింది.

రేపే టింకరింగు పరీక్ష. నెగ్గితేనే పని దొరుకుతుంది. అందుకే రాత్రి శిక్షణ షెడ్డులో ఒంటరిగా, స్టాండుకు నిలబెట్టిన సొట్ట కారు తలుపును చదును చేస్తోంది. రేకు వెనక ఇనుప దిమ్మ ఆనించి కొడితే ఖంగుమంటుంది, లేకుంటే డబ్బా మోతే. చెయ్యి తిమ్మిరెక్కి దిమ్మను నేలమీద పెట్టింది. ఊరికే రేకుమీద ఒక దెబ్బ వేసింది.

ఖంగుమంది.

మళ్ళీ వేసినా అదే మోత. దిమ్మ నేలమీదే ఉంది.

"మెల్లగా కొట్టు, లోకా" అంది తలుపు వెనకనుంచి టింకరు మణికంఠన్ గొంతు. చచ్చిపోయిన తన మొగుడిది.

లోకేశ్వరి సుత్తి దించలేదు.

"ఇరవై ఏండ్లు నీ సుత్తి ముట్టనీలేదే. ఇప్పుడు నిన్నెవురు పిలిచినారు?"