చుట్టలకో పల్లకీ

"బాబూ, కాళ్ళేమో దొరగారి బీరువావి. ఒళ్ళు బోషాణానిది. కప్పు సూస్తే పల్లకీది. ఇది సుట్టల పెట్టా, పెళ్ళూరేగింపా?" అన్నాడు వడ్రంగి జోగులు.

"రెండూనూ!" అన్నాడు మన్మథరావు, బొగ్గుముక్కతో అరుగు మీద ఇంకో వంపు గీస్తూ.

చెరకు తోటలున్న ఆసామి. ఇంకా మీసం సరిగ్గా తిరగని వయసు. పెట్టె ఆలోచన తట్టిన దగ్గర్నుంచి కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

నిలవవు మరి. వానలు పడ్డ కొత్తలో ఆ ఇంట్లో చుట్టల దగ్గర మాటా మాటా పెరిగింది. చుట్టల కట్ట ఎగిరి వెళ్ళి దొడ్లో బురదలో పడింది. ఆ పూటే పెళ్ళాం లోవమ్మ మూట కట్టుకుని రావికమతంలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. వెనకాలే మామగారి కబురు వచ్చింది: "సుట్టల సంగతి తేల్చు అల్లుడూ. లేపోతే మా పిల్ల మా కాడే ఉంటాది."

వీధంతా మన్మథరావునే తిట్టింది. "ముదనష్టపు సుట్ట కోసం బంగారంలాటి పెళ్ళాన్ని వదులుకుంటాడేటి!" అని.

నిజమే. లోవమ్మ లేని ఇంట్లో అతనికి అన్నం సయించలేదు. ఆమె అరుపులు కూడా కావాలనిపించాయి.

"ఇంత పనెందుకు బాబూ? సుట్ట మానేస్తే పోలా?" అన్నాడు జోగులు.

"పుర్రెతో పుట్టిన బుద్ధి, పుడకలతో గానీ పోదు. పొగ సంగతి అరుగు చూసుకుంటుంది. తలగడ కిందా దుప్పట్లోనూ ఆ వాసన లేకపోతే చాలు, కాపురం నిలబడుతుంది."

అంతే, ఊరి మీద పడ్డాడు. దొరగారి క్యాంపు బంగళాలో బీరువా కాళ్ళు తడిమి చూశాడు. బలిఘట్టం గుళ్ళో స్వామి పల్లకీ చుట్టూ దేవుడికి దండం పెట్టడం మరిచి తిరిగాడు. ప్లీడరు సుందరరామయ్యగారింటికి వెళ్ళి కొత్త గ్రామఫోను ముందు చతికిలబడ్డాడు.

"పాట వింటావనుకుంటే మూత కింద వేళ్ళు పెడతావేమిటయ్యా?" అన్నారు ప్లీడరుగారు.

"బిగువు చూస్తున్నానండీ. చీమ దూరేట్టు లేదు!"

కొయ్యూరు అడవి టేకుతో పెట్టె లేచింది. లోపల ఓ మూల తడి ఇసక పోసిన మట్టి ప్రమిద పెట్టాడు జోగులు. ఎండల్లో చుట్ట పొడుం కాదు. వానల్లో ప్రమిద తీసేస్తే బూజు పట్టదు.

"మూత లోపల అద్దం బిగించు," అన్నాడు మన్మథరావు.

"సుట్టల పెట్టెకి అద్దవేటి బాబూ!"

"బిగించవయ్యా!" అని పకపకా నవ్వాడు.

చుట్టలు పేర్చిన పెట్టెని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని రావికమతం బండెక్కాడు. దారి పొడుగునా ఈలలే. తీరా మామగారి గుమ్మం కనబడేసరికి ఈల ఆగిపోయింది. ఇవాళ రానంటే ఇంకెప్పుడూ రాదు.

లోవమ్మ బయటికొచ్చింది. మొగుడి మొహం చూడలేదు. పెట్టె కేసే చూసింది.

"ఇకనుంచి చుట్టలన్నీ ఇందులోనే," అన్నాడు అతను గబగబా. "దుప్పట్లోకి రాకూడదు. బురదలోకి పోకూడదు. అమ్మోరి మీద ఒట్టు!"

"అల్లుడు మాటిచ్చాడు. మరి నీ మాటేటే?" అన్నాడు మామగారు.

లోవమ్మ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. పల్లకీ కప్పు నిమిరింది. పెదవి చివర నవ్వు దాచుకుంది.

మెల్లగా మూత తీసి, అద్దంలో బొట్టు సరిచూసుకుని, మెత్తటి చుట్ట ఒకటి ఏరి ముట్టించి, నిప్పున్న కొస నోట్లోకి తిప్పి అడ్డపొగ గుప్పున లాగి, పొగ సోకితేనే దగ్గుతో మెలికలు తిరిగే మొగుడితో, "ఏటలా సూస్తావు, బేగి బండి కట్టించు!" అంది లోవమ్మ.