గుచ్చుకోని అక్షరాలు

"ఇంకా గుచ్చుకుంటోందండీ," అంది భార్య, కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని. "ఈ తలకట్టు చూడండి, ముల్లులా ఉంది."

డిజైనర్ మూతి ముడుచుకున్నాడు. కంప్యూటర్లో కొత్త ఫాంట్లు గీసి అమ్మడం అతని పని. మన అక్షరాలు అసలే పుట్టుకతో గుండ్రం. వాటిని ఇంకా గుండ్రం చెయ్యమంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు! గీతంతా ఒకే మందంలో ఉండాలి, ఎక్కడా కొస కనపడకూడదు. ఇలాంటివి ఇదివరకు పసిపిల్లల సబ్బుకీ, బిస్కెట్ల డబ్బాకీ చేశాడు. ఈసారి అడిగింది పెద్ద ఆస్పత్రి. రిపోర్టు చేతికివ్వగానే జనం బెంబేలెత్తిపోతున్నారట. ఎంత చెడ్డ కబురైనా చదివితే గుండె జారని అక్షరాలు కావాలట. ఇప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు. ఈ పని కూడా చేజారితే ఇక ఆఫీసుకి తాళమే.

అందుకే ఆవిడకీ ఆరాటం. అతను గీసిన ప్రతి అక్షరాన్నీ మొదట చదివేది ఆవిడే. మొగుడని మొహమాటం లేదు, ఏకిపారేస్తుంది. ఆవిడకి రక్తం తక్కువగా ఉంది, డాక్టర్లు విశ్రాంతి తీసుకోమన్నారట. దాంతో ఈమధ్య కావలసినంత తీరిక.

మర్నాడు అతను కొత్త కాగితం తెచ్చాడు. ముందు తనే టీ పెట్టి ఇచ్చాడు. వీపు వెనక దిండు సర్దాడు.

"అబ్బో, ఏమిటీ మర్యాదలు? ఎంత కాకా పట్టినా ఊరికే మార్కులు వెయ్యను," అంది నవ్వుతూ.

"ముందు చదివి చెప్పవోయ్."

చదివింది. జబ్బు ఒళ్లంతా పాకిపోయిందనీ, ఇక మందులు పనిచెయ్యవనీ, మహా అయితే కొన్ని నెలలనీ ఉంది.

"అయ్యో పాపం, ఎవరో!" అంది. మళ్లీ మొదటినుంచీ చదివింది. "కానీ నిజం చెప్పనా? అస్సలు భయం వెయ్యట్లేదండీ. ఎవరో పక్కన కూర్చుని మెల్లగా చెబుతున్నట్టుంది. నాదే అనుకుని కూడా చదివి చూశాను. గుండె నిబ్బరంగానే ఉంది."

"ఒట్టు?"

"ఒట్టండీ బాబూ!"

అతని మొహం చాటంతయింది. ఫోన్ తీసుకుని పక్క గదిలోకి పరుగెత్తాడు.

హమ్మయ్య, గట్టెక్కాం అనుకుంది ఆవిడ. ఎన్నాళ్లకి మళ్లీ ఈ మనిషి మొహంలో ఇంత సంతోషం! పని ఖాయమైందన్న ఆ ఒక్క మాటా తన చెవులతో వినాలనిపించింది. గోడ పట్టుకుని మెల్లగా గుమ్మందాకా నడిచింది.

"అబ్బే, పరీక్షించింది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద కాదు సార్," అంటున్నాడతను ఫోన్‌లో ఉత్సాహంగా, "మొన్న మీరిచ్చిన మా ఆవిడ రిపోర్టునే పేరు తీసేసి ఈ అక్షరాల్లో చదివించాను, నవ్వుతూ చదివేసింది!"