పడవ పాట తీసేసిన హాలు

వ్యాపారం మొదలుపెట్టిన రోజున అతని చేతిలో ఉన్నవి మూడు: మామగారు వదిలి వెళ్లిన పాత సినిమా హాలు, గీతలు పడిన ఒక సినిమా ప్రింటు, నెలాఖరు దాకా గడువు.

ఆ లోపు హాలు నిండకపోతే సిమెంటు వ్యాపారికి గోడౌనుగా అమ్మేయాలి. మాట ఇచ్చేశాడు.

ప్రింటు ఒకప్పుడు ఊరూరా మోగిన గాయకుడిది. పాడినంత కాలం బాగానే పాడాడు. గొంతుకున్న గిరాకీ చూసి నిర్మాతలు అతన్నే హీరోని చేసి మొహాన్ని కూడా అమ్మకానికి పెట్టారు.

అతని సినిమాలన్నీ ఒకటే సరుకు, సంచీ మార్చి అమ్మినవి. సబ్బు మీద కాలు జారి అమ్మాయి ఒళ్లో పడతాడు. పాట. ఆమె తండ్రి కర్ర పట్టుకుని తరుముతాడు. పాట. మారువేషం వేసి వాళ్లింట్లోనే వంటవాడిగా చేరతాడు. మళ్లీ పాట.

“జిడ్డు! చూస్తుంటేనే ఒంటికి అంటుకుంటోంది,” అనేవాడు యజమాని.

“నువ్వు చూడటం దేనికి బావా? గడ్డి అమ్మేవాడు గడ్డి తింటాడా?” అనేవాడు బావమరిది. ప్రొజెక్టరు నడిపేది అతనే.

మొదట్లో హాల్లో ఈగలు తప్ప ఎవరూ లేరు. తర్వాత మెల్లగా జనం కదిలారు.

దాంతోపాటే ఒక పీడా వచ్చిపడింది.

ముందు బెంచీలో, సరిగ్గా మధ్యలో కూర్చునే ఒక ముసలాయన. హీరో సబ్బు మీద జారినా, తండ్రి కర్ర విరిగినా రాయిలా ఉండేవాడు. పడవ పాట దగ్గర, హీరో కళ్లనిండా నీళ్లు నింపుకుని విరహం పాడుతుంటే, గుర్రం సకిలించినట్టు నవ్వేవాడు.

మొదట జనం కసిరారు. తర్వాత ఆ సకిలింపు విని నవ్వారు. ఒకసారి నవ్వు అంటుకున్నాక, చివరిదాకా కుర్చీ కదిలినా నవ్వే.

యజమానికి మాత్రం కంపరమెత్తేది.

“నోట్లో నాలుగు పళ్లు లేవు. ఆ నోరు అంత బార్లా తెరిచి... ఛీ!”

“టికెట్టు కొన్నాడు బావా.”

“కొంటే కూర్చోమన్నాం. సకిలించమన్నామా?”

ఇంకో ఆట వేయగలిగితే సిమెంటు వ్యాపారికి దూరం నుంచే దండం పెట్టొచ్చు. కానీ రోజులో అంత చోటు లేదు. సినిమానే కురచ చేయాలి.

“ఏది కోయమంటావ్?” అడిగాడు బావమరిది.

“పడవ పాట. డబ్బిచ్చి ఏడవడానికి ఎవడొస్తాడు? ఆ గుర్రం పీడా వదులుతుంది.”

“ముక్క దాచిపెట్టనా? రేపు కావాలంటే అతికించుకోవచ్చు.”

“దాచి ఏం చేస్తావ్, మెడలో వేసుకుంటావా? పాత ఫిల్ము కరిగించేవాడికి పారెయ్.”

ఆ పాట పోయాక వేసిన మొదటి ఆటలో హీరో పడవ ఎక్కాడు. మరుక్షణం వంటింట్లో గరిటె తిప్పుతున్నాడు.

ముసలాయన లేచి బయటికి వచ్చాడు.

“బాబూ, పడవ పాట రాలేదు.”

“తీసేశాం.”

“మళ్లీ ఎప్పుడు పెడతారు?”

“పెట్టం. అది లేకపోతే కొంప మునిగిందా?”

“ఆ ముక్క ఉంటే ఇప్పించండి. ఎంతైనా కొనుక్కుంటాను.”

“ఈపాటికి కరిగిపోయి ఉంటుంది పెద్దాయనా. ఇక ఆ సకిలింపేదో ఇంట్లో కానిచ్చుకో.”

ముసలాయన గోడ మీది పోస్టరు కేసి కాసేపు చూశాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆట పెరిగింది. జనం తరిగారు.

“గుర్రం తాత వచ్చాడా?” అని టికెట్టు కిటికీలోంచి అడిగి, లేడంటే అటునుంచి అటే వెళ్లిపోయేవారు.

జనం ఇన్నాళ్లూ కొన్న సరుకేమిటో యజమానికి అప్పుడు తెలిసింది. నవ్వడానికి ఇద్దరిని కూలికి పెట్టాడు. ఒకడు ఏడ్చినట్టు నవ్వాడు. ఇంకొకడు నిద్రపోయాడు. వాళ్లను చూసినా రోత పుట్టింది, వాళ్లను పెట్టుకున్న తనను తలుచుకున్నా రోత పుట్టింది.

గడువు ముంచుకొచ్చింది. వాకబు చేసి ముసలాయన ఇంటికి వెళ్లాడు. కుట్టుమిషను ముందు నుంచి కూతురు లేచింది.

“నాన్న ఎవరితోనూ మాట్లాడటం లేదండీ.”

లోపల గోడవైపు తిరిగి పడుకున్న వీపు కనిపించింది.

“హాలు నుంచి వచ్చానమ్మా. బతికినన్నాళ్లూ మీ నాన్నగారికి టికెట్టు అక్కర్లేదు. ఎంత గట్టిగా నవ్వినా సరే.”

“ఏం చూసి నవ్వాలి?”

“అదే... సినిమా.”

“ఆ చెత్తనా? ఆ సినిమాల షూటింగుల్లో లైట్లు పట్టిందే ఆయన. పేరెత్తితే ఒళ్లు మంట. పడవ పాటలో హీరో వెనక తెడ్లు వేసే అమ్మాయిలు ఉంటారట, చూశారా?”

అతను చూడలేదు. ఆ పాట వచ్చినప్పుడల్లా అతను చూసింది ముసలాయన నోటినే.

“చివరి అమ్మాయి ఏడవాల్సిన చోట ఫక్కున నవ్వేస్తుందట. కెమెరా పక్కన నిలబడి నాన్న వెక్కిరించారు. ఎవరూ పట్టించుకోలేదు, ఆ నవ్వు సినిమాలో అలాగే ఉండిపోయింది. ముందు బెంచీ మధ్యలో కూర్చుంటే ఆ అమ్మాయి సూటిగా తనను చూసే నవ్వినట్టుంటుందట. ఈయన తిరిగి నవ్వేవారు.”

యజమాని ఒకడుగు ముందుకు వేశాడు.

“ఆ అమ్మాయి... మీకు తెలుసా?”

“తెలియదండీ. నాకు ఊహ తెలియకముందే పోయింది, ఇంట్లో ఫొటో అయినా లేదు,” అంది కూతురు, మిషను మీది బట్టను సర్దుతూ. “చేతిలో ఉన్న ఈ కుట్టుపని తెమిలితే నాన్నతో వచ్చి ఒక్కసారి చూద్దామనుకున్నాను, మా అమ్మని.”