రంగు పడని పట్టీ

మా ఆయన కారు లోపలి ప్లాస్టిక్ ముక్కలన్నీ ఊడదీసి, వరండాలో పాత పేపర్ల మీద పరిచారు. షాపువాడికిస్తే నాశనం చేస్తాడట! రెండు రోజులు కూర్చుని గరుకు కాగితంతో రుద్దారు. చెయ్యి వేస్తే వెన్నలా జారుతున్నాయి.

ఈ పూట స్ప్రే డబ్బాతో నల్లరంగు కొట్టి, నన్ను పిలిచారు.

"ఎలా ఉందోయ్? కొత్త కారులా లేదూ?"

డాష్‌బోర్డు పట్టీ సగం నల్లగా, సగం పాత బూడిదరంగులోనే ఉంది. తలుపు పిడి మీద రంగు కొవ్వొత్తి మైనంలా కారి గడ్డకట్టింది. పక్కనున్న పేపరు మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది.

వేళాకోళమేమోనని ఆయన మొహం చూశాను. నిజంగానే మురిసిపోతున్నారు.

రుద్దేటప్పుడు వేళ్ళు చూసుకున్నాయి. రంగు దగ్గర కళ్ళు చూడాలిగా!

"బాగుంది" అన్నాను.

"రేపు బిగించేస్తా. ఇకనుంచి మనవరాళ్ళని బడి నుంచి మనమే తెద్దాం. నువ్వెలాగూ నా పక్కనే ఉంటావుగా!"

రెండు నెలలుగా వీధి చివరికెళ్ళినా నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటున్నారు. నేను నోరు మూస్తే ఒప్పుకోరు. సిగ్నల్ ఎరుపో పచ్చో, ఎవరు అడ్డొస్తున్నారో, అన్నీ చెబుతూనే ఉండాలి. నా గొంతు వింటుంటే ఆయనకి హాయిగా ఉంటుందట.

ఈ వయసులో ఈయనకి ప్రేమ ముదిరిందే అని, మొన్ననే చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.